చివరి పడవ ఎన్నింటికి?

బరంపురం,
శుక్రవారం మధ్యాహ్నం

చి. ల. సౌ. శిరీషకు అమ్మ ఆశీస్సులు.

ఇక్కడ అందరం బాగున్నాం. మీ నాన్నగారి దగ్గు తగ్గింది. వానలు మాత్రం వదలడం లేదు. అప్పడాలు రెండుసార్లు డాబా మీద ఆరేసి రెండుసార్లూ పరుగున తీశాను. వెనకింటి పిల్లి మన బియ్యం డ్రమ్ము పక్కన నాలుగు పిల్లల్ని పెట్టింది. తరమబోతే నాన్నగారు ఒప్పుకోలేదు, ఇప్పుడు పాలు కూడా ఆయనే పోస్తున్నారు.

ఫోన్ ఉండగా ఈ ఉత్తరం ఏమిటని నవ్వుకోకు. మూడు వారాలుగా ఎప్పుడు చేసినా "బాగున్నాం అమ్మా, మీటింగ్‌లో ఉన్నా" అని పెట్టేస్తున్నావు. ఉత్తరాన్ని అలా పెట్టేయలేవు కదా.

మొన్న చిన్నత్త వచ్చింది. టీ తాగుతూ "శిరీష వీడియో ఒకటి తిరుగుతోంది వదినా, చూశావా?" అంది. ఏప్రిల్‌లో సింగపూర్ నుంచి మీరు వెళ్లిన ఓడ ప్రయాణంలోదట. ఫుకెట్‌లో జెట్టీ మీద చింటూని చంకనేసుకుని నువ్వు, వెనకాల సంచులతో అల్లుడుగారు పరుగెడుతుంటే పడవలోంచి జనం చప్పట్లు కొడుతున్నారట. నేను చూడలేదు. నాకు ఆ ఇన్‌స్టాగ్రామ్‌లూ అవీ లేవు. నిన్ను అడగడమూ లేదు. మనుషులన్నాక పరుగెడతారు.

అక్టోబరులో మళ్లీ ఓడ ఎక్కుతున్నారని, ఇటలీ నుంచి గ్రీసు దీవులకని అల్లుడుగారు నాన్నగారితో అన్నారు. నువ్వు చెప్పలేదు. ఈసారి మీ అత్తగారినీ తీసుకెళ్తున్నారట, సంతోషం. ఆవిడ మోకాళ్లు ఎలా ఉన్నాయి?

కొండలరావుగారి రెండోవాడు ఓడల్లో పనిచేస్తాడు కదా, సెలవుకు వచ్చాడు. పిలిచి పెసరట్టు పెట్టి కూర్చోబెట్టాను. ఒడియాలో పిన్నిని పిలిచినట్టు వాడికింకా నేను "మావుసీ"నే. అన్ని రేవుల్లోనూ ఓడ గట్టుకు ఆనదు మావుసీ అన్నాడు. గట్టు చాలని చోట, లోతు కుదరని చోట దూరంగా ఆగిపోయి జనాన్ని చిన్న పడవల్లో దింపుతారు. దాన్నే టెండర్ అంటారట. చాలా చోట్ల ఓడకి వేలాడే లైఫ్‌బోట్లనే దించి వాడతారు. గ్రీసు దీవి శాంతోరినిలో ఆ ఊరి పడవలవాళ్లే వచ్చి తీసుకెళ్తారు. అక్కడ అగ్నిపర్వతం పేలి కుంగిపోయిన గుంటలో సముద్రం నిలిచింది, లోతు వందల మీటర్లు, లంగరు అందక పెద్ద ఓడలు ఇంజన్ల మీదే నిలబడతాయట. అది విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఓడ 8 నుంచి 6 దాకా అక్కడ ఉంటుందంటే పది గంటలు ఊరు తిరగొచ్చని అనుకుంటారట జనం. కానీ ముందు ఓడవాళ్ల టూరు కొన్నవాళ్లని దింపుతారు. మిగతావాళ్లు నంబరు చీటీ పుచ్చుకుని కూర్చోవాలి. దిగాక ఎదురుగా 220 మీటర్ల కొండ, దాని మీద ఫిరా ఊరు. కేబుల్ కారు ఎక్కాలి, లేదంటే 588 మెట్లు. మెట్ల మీద గాడిదలు నడుస్తాయి, వాటి పేడా ఉంటుంది, జారుతుంది. నాలుగైదు ఓడలు వచ్చిన రోజు కేబుల్ కారు లైనే గంట దాటుతుందట. రోజుకి 8,000 మంది ఓడ ప్రయాణికులకి మించకూడదని వాళ్లు హద్దు పెట్టుకున్నారు. ఆ చిన్న కొండకి ఎనిమిది వేలే ఎక్కువ అనిపించింది నాకు.

పెళ్లిలో లగ్నం నుంచి వెనక్కి లెక్కేసుకుంటాం చూడు, ఇదీ అంతే. కాగితం తీసుకుని వేశాను. చివరి పడవ 5 గంటలకి అనుకో. కేబుల్ కారు లైనులో 3:30కే ఉండాలి. దీవి చివర ఉన్న ఓయా ఊరి నుంచి ఫిరాకి బస్సు అరగంట, ఆ బస్సు కోసం నిలబడటం ఇంకో అరగంట, అంటే 2:30కి ఓయా వదిలేయాలి. పొద్దున మీ నంబరు వచ్చి, దిగి, కొండెక్కి, ఓయా చేరేసరికి 12. మీకు మిగిలేది రెండున్నర గంటలు, భోజనం కూడా అందులోనే. ఓయాలో సూర్యాస్తమయం చూడాలని ఆశపడకు. చింటూకి ముందే ఏదైనా తినిపించు.

నాన్నగారు ఇంకొకటి కనిపెట్టారు. ముప్పై నాలుగేళ్లు రైలు గార్డుగా చేసిన మనిషి, ఊరుకుంటారా? చిన్నత్త ఫోన్‌లో ఆ వీడియో మూడుసార్లు చూసి, "ఇది నడక తప్పు కాదు, గడియారం తప్పు" అన్నారు. థాయిలాండ్ టైమ్ సింగపూర్ కన్నా గంట వెనక. సింగపూర్‌లో బయల్దేరిన ఓడ ఆ టైమ్‌లోనే ఉండి ఉంటుంది. మీ ఫోన్లు మాత్రం ఒడ్డు తగలగానే వాటంతట అవే గంట వెనక్కి తిరిగాయి. మీకు 4 అయినప్పుడు ఓడకి 5. అవునా, కాదా? అడగడం లేదన్నాను కదా, వద్దులే. ఇటలీకి, గ్రీసుకి కూడా గంట తేడా ఉంది. పెద్దమావయ్య నీ పెళ్లికిచ్చిన చేతి గడియారం బీరువాలో నిద్రపోతోంది. ఓడలో పెద్ద గడియారం చూసి దాని టైమ్ పెట్టుకో. ఫోన్‌ని ఫొటోలకి వాడుకో.

గోపాలపురం వెళ్లినప్పుడల్లా మీ తాతయ్య తీరం దగ్గర ఆ పాత శిథిలాల దగ్గర ఆగేవారు, నీకు గుర్తుండదు, నీ ధ్యాసంతా దహీబరా మీద. ఒకప్పుడు అక్కడికి రంగూన్ ఓడలొచ్చేవి. ఒడ్డుకి కాదు, అక్కడంతా తెరిచిన సముద్రం. ఓడ దూరాన లంగరేసుకుంటే మసూలా పడవల్లో మనుషుల్ని చేరేసేవారు. మేకు లేకుండా పలకల్ని కొబ్బరితాళ్లతో కుట్టిన పడవలవి, అల కొట్టినా విరగకుండా కాస్త వంగేవట. నడిపేవాళ్లు నోలియాలనే జాలర్లు, మన తెలుగు మాట్లాడేవాళ్లే. 1930లలో మీ ముత్తాత, వాళ్ల అన్నగారు రంగూన్ బియ్యం మిల్లుల్లో పని కోసం ఇచ్ఛాపురం నుంచి వచ్చారు. టిక్కెట్లు రెండూ అన్నగారి బొడ్లో. సముద్రం పోటుగా ఉంది, మధ్యాహ్నం దాకా పడవ దిగదన్నారు. ముత్తాత ఊరికే కూర్చోలేక బజారుకి పోయారు, రంగూన్‌లో చింతపండు దొరుకుతుందో లేదోనని. బేరం దగ్గర పట్టుబట్టే మనిషి, ఆ గుణమే మీ నాన్నగారికి వచ్చింది. రెండు వీశెలు బేరమాడి మూట కట్టించుకుని వచ్చేసరికి సముద్రం ముందే చల్లబడి పడవ కదిలిపోయింది. అరిచారట. అలలు దాటిన పడవని అడ్డం తిప్పితే బోల్తా కొడుతుంది, ఒక్క మనిషి కోసం నోలియా ఎందుకు తిప్పుతాడు? అన్నగారు తలపాగా విప్పి ఊపుతున్నారు. రమ్మనో, పొమ్మనో తెలియలేదని తాతయ్య నవ్వేవారు.

సాయంత్రం దాకా ఇసుకలో కూర్చుని, ఆ చింతపండు అమ్మేసి, ఆ డబ్బుతో పది మైళ్లు నడిచి బరంపురం వచ్చి పెద్దబజారులో ఒక కొట్టులో పొట్లాలు కట్టే పనికి కుదిరారు. అక్కడే పెళ్లి, అక్కడే మనమందరం. రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాక అన్నగారు అడవుల్లో పడి నడిచి 1942లో ఎముకల గూడై వచ్చారు. గుమ్మంలో నిలబడి మొదట అడిగింది, "చింతపండు ఏదిరా?" అని.

"ఓడ తప్పబట్టే కదమ్మా మనమున్నాం" అంటావని తెలుసు. అనకు. ముత్తాత చంకలో ఆరేళ్ల పిల్లాడు లేడు. పక్కన మోకాళ్ల నొప్పులతో అత్తగారూ లేరు.

ఆవిడ కోసమైనా శాంతోరినికి ఓడవాళ్ల టూరే తీసుకోండి. డబ్బు ఎక్కువే, కొండలరావుగారి అబ్బాయీ ఒప్పుకున్నాడు. కానీ ఆలస్యమైతే ఓడ ఎదురుచూసేది వాళ్ల టూరు మనుషుల కోసమే. వాళ్లని అథినియోస్ అనే వేరే రేవులో దింపి బస్సులో పైకి తీసుకెళ్తారట, కనీసం ఎక్కేటప్పుడు కేబుల్ కారు లైను తప్పుతుంది. సొంతంగా వెళ్లినవాళ్లు తప్పిపోతే తర్వాతి రేవుకి సొంత ఖర్చుతో చేరుకోవాలి. అలలుంటే పడవ పైకీ కిందికీ ఊగుతుంది, ఆవిడ అడుగేసేటప్పుడు ఓడవాళ్లు ఇద్దరు పట్టుకుంటారు, అల్లుడుగారు కూడా పట్టుకోవాలి. చక్రాల కుర్చీని అన్నిచోట్లా టెండర్‌లోకి ఎక్కించరు, ముందే అడగండి. గాలి ఎక్కువైతే కెప్టెన్ ఆ ఊరు వదిలేసి పోతాడు. బయట కారు మాట్లాడుకుంటే, ఓడ ఆగకపోతే డబ్బు వెనక్కిస్తారా లేదా అని కాగితం మీద చూసుకో. రోజూ గదిలోకి వచ్చే కాగితంలో రేవు ఏజెంటు నంబరు ఉంటుందట, దాన్ని ఫొటో తీసుకో. పాస్‌పోర్టు నకళ్లు, అల్లుడుగారి బీపీ మాత్రలు రెండు రోజులవి చేతి సంచిలో. మైకొనోస్ దీవిలో ఓడ గట్టుకు ఆనొచ్చు, ఆనకపోవచ్చు, ముందురోజే కనుక్కో.

లెక్చరు ఇవ్వకూడదనుకునే మొదలుపెట్టాను, ఏం చేయను.

బుజ్జి ఆదివారం బెంగళూరు వస్తున్నాడు. వాడి చేతికి అప్పడాలు, ఆవకాయ ఇస్తున్నాను. మీ అత్తగారికి మిరియాలు లేని పొట్లం వేరే ఉంది, పేరు రాశాను. చింటూకి చేతుల స్వెటర్. వెనక పట్టీ ఉన్న చెప్పులు కూడా పెట్టాను, నీ సైజే. ఆ వీడియోలో నీ ఎడమ కాలికి చెప్పు లేదు. దొరికిందా, అక్కడే వదిలేశావా?

అమ్మ