పిట్టకి తూర్పు ముఖం ఇల్లు

క్యారీ, నార్త్ కరోలినా
ఏప్రిల్ 6

ఒరేయ్ మావా,

నువ్వు పంపిన ఫోటో చూశాను. వసారా చూరుకి కొత్త వరికంకుల కుచ్చు, దాని పక్కనే చెక్క పెట్టె. "పిచ్చుకలు కంకులు తిని పోతున్నాయిగానీ పెట్టెలోకి తొంగి కూడా చూడట్లేదు, ఎందుకంటావ్?" అని అడిగావు. ఫోన్లో రెండు ముక్కలు చెప్పేసి ఊరుకోవచ్చు. కానీ సరిగ్గా ఇదే ప్రశ్న పట్టుకుని నేనిక్కడ రెండేళ్లుగా తిరుగుతున్నాను. నీది పిచ్చుక, నాది బ్లూబర్డ్. అందుకే ఉత్తరమే రాస్తున్నా, తీరిగ్గా చదువుకో.

ముందు నా పిట్ట, బ్లూబర్డ్ గురించి చెప్పాలి. పిచ్చుక కన్నా పెద్దది, గోరింక కన్నా చిన్నది. మగదానికి వీపంతా నీలం, రొమ్ము ఇటుక రంగు, పొట్ట తెలుపు. ఎండలో ఎగిరినప్పుడు ఆ నీలం ఎలా ఉంటుందంటే, ఫోటో తీస్తే రాదురా. చాలా ఫోటోలు తీశాను, ఒక్కటీ నీకు పంపబుద్ధి కాలేదు. దీనికి గూడు పెట్టుకోవడానికి తొర్ర కావాలి. తొర్ర తొలుచుకునే ముక్కు మాత్రం దీనికి లేదు. వడ్రంగి పిట్టలు తొలిచి వదిలేసిన తొర్రల్లో చేరుతుంది. ఎండు చెట్లు కొట్టేశారు, పాతకాలం చెక్క కంచె గుంజల స్థానంలో ఇనప గుంజలు వచ్చాయి, ఉన్న కాసిని తొర్రలూ వేరే పిట్టలు ఆక్రమించాయి. దాంతో ఇవి బాగా తగ్గిపోయాయి. 1934లో ఇల్లినాయ్‌లో మస్సెల్మన్ అనే ఆయన రోడ్ల వెంబడి వరసగా చెక్క పెట్టెలు పెట్టడం మొదలుపెట్టారు. 1978లో లారెన్స్ జెలెనీ అనే ఆయన వీటి కోసం ఒక సొసైటీయే స్థాపించారు. ఇవాళ నాలాంటి మామూలు వాళ్లు వేల మంది పెరట్లో ఒక పెట్టె పెడుతున్నారు. పిట్టలు మళ్లీ పెరిగాయంటే ఆ పెట్టెల చలవే చాలావరకు.

పోయినేడాది ఏం జరిగిందో నీకు చెప్పలేదు, చెప్పబుద్ధి కాలేదు. ఏప్రిల్లో ఒక పెట్టె కొని, వంటగది కిటికీలోంచి బాగా కనిపిస్తుందని పెరటి చెక్క కంచెకి మేకులు కొట్టి బిగించాను. కన్నం ఇంటివైపుకి. కాఫీ తాగుతూ చూడొచ్చని నా ఆశ. జంట వచ్చింది, గూడు కట్టింది, ఐదు గుడ్లు పెట్టింది. మా పాప రోజూ స్కూలు నుంచి రాగానే కిటికీ దగ్గర నిలబడేది. ఒక శనివారం పొద్దున్న చూస్తే తల్లి పెట్టె మీద కూర్చుని అరుస్తోంది. లోపలికి వెళ్తుంది, వస్తుంది, మళ్లీ వెళ్తుంది. తలుపు తీసి చూశాను. గూడు చెక్కుచెదరలేదు. గడ్డి పోచ కూడా కదల్లేదు. గుడ్లు మాత్రం లేవు.

గూడు అలా పెట్టింది పెట్టినట్టు ఉండి గుడ్లు మాయమైతే అది పాము పని అని తరవాత తెలిసింది. రాకూన్ అని పిల్లి కన్నా కాస్త పెద్ద జంతువు ఉంటుంది, అదైతే చెయ్యి పెట్టి గూడంతా బయటికి లాగి పారేస్తుంది. ఇక్కడ నల్లగా పొడుగ్గా ర్యాట్ స్నేక్ అని ఉంటుంది, మన జెర్రిపోతు లాంటిది, విషం లేదు. చెట్టయినా కంచైనా అవలీలగా ఎక్కేస్తుంది. పాముదేం తప్పు, దాని తిండి అది వెతుక్కుంది. కంచె మీద పెట్టి దానికి మెట్లు కట్టినట్టు చేసింది నేను. చాలా రోజులు ఆ తల్లి అరుపు చెవిలోనే ఉండిపోయిందిరా.

అందుకని ఈసారి జనవరిలోనే మొదలుపెట్టాను. మా పెరడు నీకు వీడియోలో చూపించాను కదా, 50 అడుగుల వెడల్పు, 40 అడుగుల లోతు, అంతే. ఇంటి ముఖం పడమర, కాబట్టి పెరడు తూర్పు వైపు. ఎడమ మూల మేపుల్ చెట్టు. కుడి మూల పొదలు. వెనక కంచె, కంచె అవతల కాలనీ వాళ్లందరికీ చెందిన గడ్డి నేల, ఆ తరవాత పైన్ చెట్లు. నాలుగు చోట్ల నాలుగు కర్రలు పాతి, సెలవు రోజుల్లో గంట గంటకీ వెళ్లి ఎండ ఎక్కడ పడుతోంది, నీడ ఎప్పుడు వస్తోంది అని పుస్తకంలో రాసుకున్నాను. మా ఆవిడ కూడా సాయంత్రాలు నాతోపాటు నిలబడేది.

మేపుల్ చెట్టుకి కట్టడం మొదటే కొట్టేశాను. చెట్టంటే ఉడతలకీ పాములకీ పిల్లులకీ రాజమార్గం. పొదల మూల బావుంటుందనుకున్నాను, చల్లగా చాటుగా ఉంటుంది కదా అని. కానీ ఇక్కడ రెన్ అని బొటనవేలంత పిట్ట ఉంటుంది, దానికి పొదలంటే ప్రాణం. పొదల పక్కన పెట్టె కనిపిస్తే వచ్చి బ్లూబర్డ్ గుడ్లకి ముక్కుతో చిల్లులు పెట్టేస్తుంది. బ్లూబర్డ్‌కి చాటు అక్కర్లేదు, దానికి కావాల్సింది ఖాళీ. ఎక్కడో కొమ్మ మీదో తీగ మీదో కూర్చుని, 60 అడుగుల దూరంలో గడ్డిలో కదిలే పురుగుని చూసి, సూటిగా దిగి పట్టుకుంటుంది. గడ్డి పొట్టిగా ఉండాలి, మందు కొట్టకూడదు. మా గడ్డికి మందు మానేసి ఏడాదయింది.

ఇక మూడోది వంటగది కిటికీ ఎదురుగా. మళ్లీ నా మనసంతా దాని మీదే. వద్దనుకోవడానికి రెండు కారణాలు. ఒకటి అద్దాలు. మగ బ్లూబర్డ్ తన నీడని అద్దంలో చూసి ఇంకో మగది వచ్చిందనుకుంటుంది. పోయినేడాది మా కారు అద్దాన్ని పది రోజులు పొడిచి పొడిచి వదిలింది, చివరికి అద్దాలకి పాత సాక్సులు తొడిగాం. రెండో కారణం చెబితే నీకు బాధేస్తుంది.

పిచ్చుకరా. మన పిచ్చుకే. 1850ల్లో న్యూయార్క్ బ్రూక్లిన్‌లో యూరప్ నుంచి తెచ్చి వదిలారు, దేశమంతా నిండిపోయింది. ఇక్కడ అది ఇళ్ల చూరుల్లో, షాపుల బోర్డుల వెనక కాపురం చేస్తుంది. బ్లూబర్డ్ పెట్టె కనిపిస్తే లోపలికి దూరి, పొదుగుతున్న తల్లిని కూడా ముక్కుతో పొడిచి చంపేస్తుంది. మొదటిసారి విన్నప్పుడు నేను నమ్మలేదు. అరుగు మీద బియ్యం చెరుగుతున్న మా నాయనమ్మ చేటలోకి దూకే పిచ్చుక, నువ్వు ఇప్పుడు కంకులు కట్టి పిలుస్తున్న పిచ్చుక, ఇలా చేస్తుందా అని. దాన్ని ఇక్కడికి తెచ్చింది మనుషులే, అదేం చేస్తుంది పాపం. బ్లూబర్డ్ లాంటి ఇక్కడి పిట్టల గుడ్లకీ గూళ్లకీ 1918 నాటి చట్టం కాపుంది, బయటి నుంచి వచ్చినది కాబట్టి పిచ్చుకకి లేదు. కొందరు వలపన్ని పట్టేస్తారు. నాకు చేతులు రావు. పెట్టెలో పిచ్చుక గడ్డి తెచ్చి వేస్తే గుడ్లు పెట్టక ముందే ఆ గడ్డి తీసేస్తాను, అంతవరకే. పిచ్చుక రాని చోట పెట్టె పెట్టడం తప్ప నా చేతిలో వేరే ఉపాయం లేదు. ఇంటికి ఎంత దూరంగా ఉంటే అంత మంచిది. చిరుధాన్యాలు వేసే గిన్నె కూడా తీసేశాను, అవి వచ్చేదే ఆ గింజల కోసం.

ఇవన్నీ పోతే మిగిలింది నాలుగో కర్ర. ఇంటికి 26 అడుగులు, వెనక కంచెకి 14. పెరట్లో అదొక్కటే ఉడత కంచె మీంచి దూకినా అందని చోటు. 50 అడుగుల పెరట్లో రెండో పెట్టె అనే మాటే లేదు, ఇవి జంటకీ జంటకీ మధ్య వంద గజాలైనా ఎడం అడుగుతాయి.

చోటు కుదిరాక కన్నం ఎటు తిప్పాలన్న దగ్గర ఆగిపోయాను. ఒకరోజు సాయంత్రం ఆ కర్ర దగ్గరికెళ్లి, మోకాళ్లు కాస్త వంచి, కన్నం వచ్చే ఎత్తులో, అంటే ఐదడుగుల దగ్గర, నా కళ్లు పెట్టి చూశాను. ఇంటివైపు తిరిగితే కనిపించింది గోడ, కిటికీ అద్దాలు, మెట్లు. తూర్పుకి తిరిగితే గడ్డి, గడ్డి అవతల 70 అడుగుల్లో పైన్ కొమ్మలు. పిల్లలు పెట్టెలోంచి మొదటిసారి ఎగిరినప్పుడు తిన్నగా ముందుకే పోతాయిట. నేల మీద పడితే మళ్లీ లేవడం కష్టం, పిల్లుల పాలవుతాయి. కన్నానికి ఎదురుగా వంద అడుగుల లోపు ఒక చెట్టుంటే ఆ మొదటి ఎగురుడుకి దక్కుతుంది. పోయినేడాది గుడ్లు దక్కి ఉన్నా, ఆ పిల్లల ముందు నేను నిలబెట్టింది ఇంటి గోడ. అది అర్థమై, చీకటి పడేదాకా అక్కడే నిలబడ్డాను.

ఇంకేం ఆలోచించలేదు. కన్నం తూర్పుకే. పొద్దుటి ఎండ లోపల పడుతుంది, మధ్యాహ్నం దాటాక మా ఇంటి నీడే మెల్లగా వచ్చి పెట్టెని కప్పుతుంది. ఇక్కడ జులై ఎండలు మన ఊరికి తీసిపోవు, పడమటి ఎండ తగిలితే పెట్టె కుంపటి అవుతుంది. ఈ ఇల్లు కొన్నప్పుడు పడమర ముఖమని మా అమ్మ ఎంత బాధపడిందో నీకు గుర్తుందా? మొన్న ఫోన్లో చెబితే, "పోనీలేరా, పిట్టకైనా తూర్పు ముఖం కుదిరింది" అంది. ఇప్పుడు వంటగదిలోంచి నాకు కనిపించేది పెట్టె వీపే. పిట్ట లోపలికి వెళ్లేది చూడాలంటే పెరటి కుడి అంచున కుర్చీ వేసుకుని కూర్చోవాలి. కూర్చుంటున్నాను.

పెట్టె కూడా మార్చాను. పాతదానికి కన్నం కింద చిన్న పుల్ల ఉండేది. బ్లూబర్డ్‌కి ఆ పుల్ల అక్కర్లేదు, పిచ్చుకకే అది పనికొచ్చేది. కొత్తది రంగు వెయ్యని దేవదారు చెక్క, కన్నం సరిగ్గా అంగుళంన్నర. అంతకన్నా పెద్దదైతే స్టార్లింగ్ అనే ఇంకో పిట్ట దూరుతుంది. పైన గాలికి సందులు, కింద నీళ్లు కారడానికి చిల్లులు. చెట్టూ కాదు, కంచె కాదు, కరెంటు వైర్లు దూర్చే ఇనప పైపు మీద నిలబెట్టాను. దాని చుట్టూ పెట్టె కింద 8 అంగుళాల వెడల్పు, రెండడుగుల పొడవు రేకు గొట్టం, పైన జల్లెడతో మూసి. పాము పైపు వెంబడి ఎక్కి గొట్టంలోకి దూరి అక్కడితో ఆగిపోతుంది. అది బిగిస్తున్నప్పుడు నాకు మీ కొబ్బరి తోటే గుర్తొచ్చింది. ఎలకలు ఎక్కకుండా మీ నాన్నగారు మానులకి రేకు చుట్టించేవారు కదా, మనిద్దరం మేకులు అందిస్తూ నిలబడేవాళ్లం. అదే పని, అంతే. మా కాలనీ అసోసియేషన్‌కి ఒక ఫారం నింపి పర్మిషన్ తీసుకుని, ఫిబ్రవరి రెండో వారానికి నిలబెట్టేశాను.

మార్చి మొదట్లో మగది వచ్చింది. కన్నం అంచు పట్టుకుని తల లోపల పెట్టి, బయటికి తీసి, రెక్కలు ఆడిస్తూ పాడింది. నోట్లో ఒక గడ్డి పోచ పట్టుకుని లోపలికెళ్లడం, బయటికి రావడం, మళ్లీ వెళ్లడం. అది గూడు కట్టడం కాదు, ఆడదానికి ఇల్లు చూపించడం. కట్టేది ఆడదే, ఒక్కతే. ఆరు రోజులు పైన్ చెట్టు ఎండు సూదులు మోసింది.

ఈ మూడో తారీఖున మెల్లగా పెట్టె తట్టి, అది లేదని చూసుకుని, తలుపు తీశాను. ఎండు సూదుల గిన్నె, లోపల మెత్తటి గడ్డి, నడిమధ్య ఒక్క గుడ్డు. లేత నీలం. సున్నంలో నీలిమందు ఒక్క చుక్క కలిపితే వచ్చే రంగు. ఇవాళ మా పాపని ఎత్తుకుని చూపించాను, నాలుగయ్యాయి. రోజుకొకటి పెడుతుంది, లెక్క సరిపోయింది. రేపు ఐదోది పెట్టి పొదగడం మొదలుపెడితే 20వ తారీఖు దగ్గర పిల్లలు. అక్కడి నుంచి 17, 18 రోజులకి ఎగురుతాయి. పిల్లలకి 12 రోజులు దాటాక ఇక తలుపు తియ్యను, బెదిరి ముందే దూకేస్తాయి. రాత్రి పడుకోబోయే ముందు టార్చి పట్టుకుని రేకు గొట్టం ఒకసారి చూసొస్తున్నాను. ఆ టెన్షన్ పోలేదు ఇంకా.

ఇప్పుడు నీ పెట్టె. నాకు పనికొచ్చింది నీకు పూర్తిగా తిరగెయ్యాలి. పిచ్చుకకి మనుషుల పక్కనే ఉండాలి, ఖాళీ నేలలో పెడితే రాదు. వసారాలో పెట్టావు, అది మంచిదే, కానీ ఫోటోలో నీడ చూస్తే అది పడమటి వసారాలా ఉంది. సాయంత్రం ఎండకి ఆ చెక్క కాలిపోతుంది. తూర్పు వైపు చూరు కిందకి మార్చు, ఎనిమిది పదడుగుల ఎత్తులో, గోడకి గట్టిగా. వేలాడగట్టకు, గాలికి ఊగితే గూడు పెట్టదు. కన్నం అంగుళంపావు చాలు. పిచ్చుకలు గుంపు మనుషులు, పక్కపక్కనే రెండు మూడు పెట్టెలు పెట్టు, ఒక్కదాని కన్నా అలాగే త్వరగా చేరతాయి. నూకలు వెయ్యి, కానీ పిల్లలకి పురుగులే కావాలి, కాబట్టి పెరట్లో కూరపాదులకి మందు కొట్టొద్దని మీ ఆవిడకి చెప్పు.

ఇంకొకటి, ఇది మాత్రం ఇవాళే చూడు. ఆ వసారాలో సీలింగ్ ఫ్యాన్ ఉంది కదా. పెట్టెకీ బయటికీ మధ్య దారిలో ఫ్యాన్ ఉండకూడదు. ఉంటే పెట్టె ఫ్యాన్‌కి అటు చివరకి జరుపు. జరిపాక కన్నం దగ్గర తలపెట్టి, అక్కడి నుంచి బయటికి ఏం కనిపిస్తోందో ఒక ఫోటో తీసి పంపు.

నీ
మావ