క్లెయిమ్ రోజున కనిపించింది ప్రీమియం రోజున ఎందుకు కనిపించలేదు సార్? బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ చైర్మన్ గారికి బహిరంగ లేఖ

చైర్మన్ గారికి నమస్కారం.

మీ బీమా భరోసా పోర్టల్‌లో పెట్టిన ఫిర్యాదులకు వచ్చిన జవాబులు చదివి చదివి, ఇక వేరే దారి లేక ఇలా అందరి ముందూ రాస్తున్నాను. క్లెయిమ్ చేయనివాళ్లకు ప్రీమియంలో తగ్గించే ఎన్‌సీబీ (నో క్లెయిమ్ బోనస్) అంటే ఏమిటో, సొంత బండికి జరిగిన నష్టానికి ఇచ్చే ఓన్ డ్యామేజ్ అంటే ఏమిటో మీకు వివరించే సాహసం చేయను. మా సంగతి మాత్రం చెప్తాను, కాస్త ఓపిగ్గా చదవండి.

మాది సెకండ్ హ్యాండ్ కారు. పాత కార్లు అమ్మే ఒక కంపెనీ దగ్గర కొన్నాం. పేరు మార్పు, ఇన్సూరెన్స్ అన్నీ మేమే చూసుకుంటాం సార్, మీరు సంతకం పెడితే చాలు అన్నారు. చూసుకున్నారు కూడా. ఆర్సీ మా పేరు మీదికి వచ్చింది, పాలసీ మా పేరుతోనే ఫోన్‌కి వచ్చింది. అందులో గత పాలసీలో క్లెయిమ్ 'లేదు' అని, ఎన్‌సీబీ 35 శాతం అని ఉంది. ఆ గడి నింపిందెవరో ఈ రోజుకీ తేలలేదు. కారు అమ్మినవాళ్లను అడిగితే ఇన్సూరెన్స్ వాళ్ల సిస్టమే దానంతట అది తీసుకుంటుంది అంటారు. ఇన్సూరెన్స్ వాళ్లను అడిగితే మీ తరఫున ఎవరు నింపినా మీరు నింపినట్టే అంటారు. ఇద్దరూ చాలా మర్యాదగానే మాట్లాడతారు, అందులో ఏ లోటూ లేదు.

తర్వాత ముందు వెళ్తున్న లారీ సడన్‌గా బ్రేక్ వేయడంతో మా కారు ముందు భాగం మొత్తం నుజ్జయింది. మనుషులకు ఏమీ కాలేదు. సర్వేయర్ వచ్చి ఫొటోలు తీసుకున్నాడు, అన్ని కాగితాలూ ఇచ్చాం, మీకు టెన్షన్ వద్దు అని చెప్పి వెళ్లాడు. ఆ తర్వాత వచ్చిన ఉత్తరం సారాంశం ఇదీ: ఈ బండికి పాత ఓనరు పాలసీలో యాక్సిడెంట్ క్లెయిమ్ ఉంది, దాన్ని మీరు దాచారు, లేని బోనస్ తీసుకున్నారు, కాబట్టి పాలసీలోని సెక్షన్ 1 (ఓన్ డ్యామేజ్ భాగం) కింద మీకు రావాల్సినవన్నీ రద్దు.

దాచడానికి ముందు ఆ సంగతి మాకు తెలిసుండాలి కదా సార్. బండి నంబరు కొడితే ప్రభుత్వ యాప్ ఎంపరివాహన్‌లో ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా ఉందో కనిపిస్తుంది. గతంలో క్లెయిమ్ అయిందో లేదో మాత్రం కనిపించదు. పాత ఓనరు చెప్పలేదు, అమ్మిన కంపెనీ చెప్పలేదు, పైగా 'నాన్ యాక్సిడెంట్' అని పెద్దక్షరాలతో ప్రకటన ఇచ్చింది. ఇక మేం ఎవరిని అడగాలి? కారునా?

అసలు నన్ను తొలిచేస్తున్న ప్రశ్న వేరే. ఈ పాత క్లెయిమ్ సంగతి ఇన్సూరెన్స్ కంపెనీకి ఎలా తెలిసింది? ఎవరూ వెళ్లి చెప్పలేదు. వాళ్ల దగ్గరున్న సమాచారంలోనే చూసుకున్నారు. అంటే చూసే సదుపాయం వాళ్లకు ఉంది, మా క్లెయిమ్ ఫైలు తెరవగానే దాన్ని వాడారు. మరి ప్రీమియం డబ్బులు కట్టించుకున్న రోజున అదే ఎందుకు చూడలేదు? ఆ రోజు చూసుంటే బోనస్ తీసేసి, ఇంకాస్త కట్టమని అడిగేవాళ్లు, మేం కట్టేవాళ్లం, గొడవే ఉండేది కాదు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అన్న సామెత వీళ్లను చూసే పుట్టిందేమో అనిపిస్తోంది.

ఇంకో వింత చూడండి. నో క్లెయిమ్ బోనస్ బండికి కాదు, మనిషికి చెందుతుంది. కారు అమ్మినా అది పాత ఓనరు దగ్గరే ఉంటుంది, కొన్నవాడికి రాదు. ఇది మీరు పెట్టిన నియమమే. మరి ఆర్సీ మీద పేరు మారిందని కళ్ల ముందు కనిపిస్తున్నా, కొత్త ఓనరు పేరుతో పాలసీ ఇస్తూ 35 శాతం బోనస్ ఎలా ఇచ్చారు? పాత క్లెయిమ్ లేకపోయినా అది తప్పే కదా! ఆ తప్పు చేసింది వాళ్ల సొంత సిస్టమ్. కానీ దాని శిక్ష మొత్తం మాకు.

కంపెనీ ఉత్తరంలో మోటార్ టారిఫ్ (బండ్ల బీమా నిబంధనావళి)లోని 27వ నిబంధనను ప్రస్తావించారు. ఇచ్చిన డిక్లరేషన్ తప్పని తేలితే లాభాలన్నీ పోతాయి అన్న వాక్యం వరకే తీసుకున్నారు. నేను మిగతాదీ చదివాను. పాలసీ ఇచ్చిన 21 రోజుల్లోగా కొత్త కంపెనీ పాత కంపెనీకి రాసి బోనస్ నిజమో కాదో అడగాలి, పాత కంపెనీ 30 రోజుల్లోగా జవాబివ్వాలి, అడగకపోయినా చెప్పకపోయినా అది టారిఫ్ ఉల్లంఘనే అని అందులోనే ఉంది. మాకు ఇచ్చిన ఉత్తరంలో ఆ భాగం ఎక్కడా కనిపించలేదు. పాత కంపెనీకి ఏ తేదీన రాశారో ఆ కాపీ ఇవ్వండి అని అడిగాను. ఆ ఒక్క ప్రశ్నకు తప్ప మిగతా అన్నిటికీ జవాబు వస్తోంది.

పరిశీలించాల్సినవాళ్లు పరిశీలించకుండా ఊరుకుని, తర్వాత మొత్తం క్లెయిమ్ కొట్టేయడం కుదరదని వినియోగదారుల కమిషన్లు చెప్పిన సందర్భాలున్నాయి. బోనస్ పేరుతో తగ్గిన మేరకు లెక్కగట్టి కోసుకుని మిగతాది ఇవ్వండి అని మేమూ అడిగాం. కుదరదన్నారు. పోనీ పాలసీయే చెల్లదంటే మా ప్రీమియం తిరిగి ఇవ్వండి అంటే, థర్డ్ పార్టీకి చెల్లుతుందట. రోడ్డు మీద ఎవరికో జరిగితే చెల్లే పాలసీ మాకు మాత్రం చెల్లదు. ఓన్ డ్యామేజ్ పేరుతో కట్టించుకున్న భాగం మాటేమిటి అంటే, ఎగ్జిక్యూటివ్ గారు లైన్‌లో ఉండమని చెప్పి మళ్లీ రాలేదు.

ఈ మధ్యలో కారు షెడ్డులోనే పడి ఉంది. క్లెయిమ్ తేలితేనే పని మొదలుపెడతామని షెడ్డు వాళ్లు, పని మొదలుపెట్టకుండా ఉంచినందుకు పార్కింగ్ చార్జీలు కట్టమనేదీ వాళ్లే. లోన్ ఈఎంఐ మాత్రం నెలనెలా ఠంచనుగా కోసుకుంటున్నారు, బ్యాంకు వాళ్ల సిస్టమ్‌లో ఏ లోపమూ లేదు. ఎంతో కొంతకు ఇచ్చేద్దామని అమ్మకానికి అడిగితే, క్లెయిమ్ రిజెక్ట్ అయిన బండా అని మొహం తిప్పేస్తున్నారు. వాళ్లకు మాత్రం మేం నిజమే చెప్పాం, ఏం చేస్తాం.

ఇక మీ పోర్టల్. అందులో ఫిర్యాదు పెడితే అది నేరుగా ఆ ఇన్సూరెన్స్ కంపెనీకే వెళ్తుంది. వాళ్లు రిజెక్షన్ లెటర్‌లోని పేరానే మళ్లీ అక్కడ అతికిస్తారు. ఫిర్యాదు క్లోజ్ అయిందని మెసేజ్ వస్తుంది, కింద మీ అభిప్రాయం చెప్పండి అని ఒక లింకు. చెప్పాను కూడా. బీమా తగాదాలు తేల్చే అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చని నాకూ తెలుసు, వెళ్తాను. కానీ ప్రతి ఒక్కరూ వెళ్లగలరా? అమ్మేటప్పుడు ఒక్క మీట నొక్కి చూసుకుంటే పోయేదానికి ఇంత తిరగాలా?

2047 కల్లా అందరికీ బీమా అంటున్నారు, సంతోషం. బీమా సుగమ్ వస్తే ఒకే చోట పాలసీ కొనొచ్చు, క్లెయిమ్ చేసుకోవచ్చు అంటున్నారు, అదీ సంతోషమే. సమాచారం ఒక చోట చేర్చడానికి ఇన్సూరెన్స్ ఇన్ఫర్మేషన్ బ్యూరో 2009 నుంచే ఉంది కదా సార్. దాన్ని కంపెనీలు మమ్మల్ని పట్టుకోవడానికి వాడినట్టే, పాలసీ ఇచ్చే ముందు మాకు చెప్పడానికీ వాడేలా ఒక్క ఆదేశం ఇవ్వలేరా? సెకండ్ హ్యాండ్ బండి కొనేవాడికి పాత క్లెయిమ్ ఉందో లేదో కనిపించేలా చేయండి. 21 రోజుల్లో అడగని కంపెనీకి, తర్వాత ఆ సాకుతో క్లెయిమ్ కొట్టేసే హక్కు లేదని తేల్చి చెప్పండి. అమ్మినవాడు నింపిన గడికి కొన్నవాడిని దోషిని చేయడం ఆపించండి. ఇవన్నీ పెద్ద కోరికలైతే, కనీసం మా ఫైలైనా ఒకసారి మీ మనుషులతో చదివించండి.

పాలసీ నంబరు, క్లెయిమ్ నంబరు, వాళ్ల ఉత్తరం, నా జవాబులు అన్నీ మీ పోర్టల్‌లోనే ఉన్నాయి, మళ్లీ పంపనక్కర్లేదు. ఈసారి మాత్రం దయచేసి దాన్ని తిరిగి ఆ కంపెనీకే పంపకండి.

ఇట్లు,
ప్రీమియం సమయానికి కట్టిన ఒక పాలసీదారు