ఆల్బుమిన్ ఎటు పోతోందో చెప్పే పరీక్ష ఒక్కచోటైనా పెట్టండి: ఆరోగ్య మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. నేను ఒక జిల్లా కేంద్రంలో ప్రైవేటు ల్యాబ్ టెక్నీషియన్‌ని. కొత్త ఆస్పత్రి కావాలి, కొత్త స్కానింగ్ మెషిన్ కావాలి అంటూ మీకు రోజూ అర్జీలు వస్తుంటాయి. నేను అడుగుతున్నది, రక్తంలో నీటిని పట్టి ఉంచే ఆల్బుమిన్ అనే ప్రొటీన్ పేగుల్లోంచి కారిపోతోందా అని తేల్చే ఒక మల పరీక్ష. అది కూడా రాష్ట్రం మొత్తానికి ఒక్కచోట.

కాళ్ల వాపులతో, కళ్ల కింద ఉబ్బుతో మనిషి వస్తాడు. డాక్టరు ఎల్ఎఫ్‌టీ (లివర్ పనితీరు చూసే రక్త పరీక్ష) రాస్తారు. ఆల్బుమిన్ డెసిలీటరుకు (వంద మిల్లీలీటర్లకు) 3.5 నుంచి 5 గ్రాముల దాకా ఉండాల్సింది, 1.9 వస్తుంది. మేం ఆ అంకె పక్కన కిందికి చూపే బాణం గుర్తు వేసి ప్రింట్ తీసి ఇస్తాం. ఎందుకు తగ్గిందన్నది ఆ కాగితంలో ఉండదు. లివర్ తయారు చేయడం లేదా, కిడ్నీల్లోంచి మూత్రంలో పోతోందా, తిండి చాలడం లేదా అని డాక్టర్లు ఆలోచిస్తారు. నాలుగో దారి ఒకటుంది, పేగుల్లోంచి కారిపోవడం. అది త్వరగా తట్టదు. తట్టినా మా జిల్లాల్లో రుజువు చేసుకునే వీలు లేదు.

ఈ నాలుగో దారిని పట్టించే పరీక్ష కొత్తదేమీ కాదు. ఒకప్పుడు రేడియోధార్మిక పదార్థం తగిలించిన ప్రొటీన్‌ను రక్తంలోకి ఎక్కించి, రోజుల తరబడి మలం పోగుచేసి కొలిచేవారు. 1970ల చివరికి ఆ తిప్పలు తప్పాయి. లివర్ తయారుచేసే ఆల్ఫా-1 యాంటీట్రిప్సిన్ అనే ప్రొటీన్ సైజులో ఆల్బుమిన్‌కి దగ్గరగా ఉంటుంది. పేగు గోడ లీకయితే ఆల్బుమిన్‌తో పాటు ఇదీ లోపలికి కారుతుంది. తేడా ఏమిటంటే ఆల్బుమిన్ అక్కడే అరిగిపోతుంది, మలంలో వెతికితే దొరకదు. ఇది మాత్రం పేగులోని ఎంజైములకు లొంగకుండా చాలావరకు అలాగే బయటికొస్తుంది. మలంలో ఎంత ఉంది, రక్తంలో ఎంత ఉంది, రెండూ కొలిస్తే లెక్క తేలుతుంది.

లెక్క పదో తరగతి పిల్లలు చేసేదే. 24 గంటల్లో 200 మిల్లీలీటర్ల మలం, అందులో ఈ ప్రొటీన్ డెసిలీటరుకు 60 మిల్లీగ్రాములు, రక్తంలో 120 అనుకుందాం. 200ని 60తో గుణించి 120తో భాగిస్తే 100. అంటే రోజుకు 100 మిల్లీలీటర్ల రక్తద్రవంలో ఉండే ప్రొటీన్ పేగులోకి పోయినట్టు. విరేచనాలు లేనివాళ్లలో ఇది సుమారు 27 లోపు ఉండాలి. విరేచనాలుంటే 56 దాకా చూసీచూడనట్టు పోతారు. ఇన్‌ఫ్లమేషన్ ఉండే జబ్బుల్లో రక్తంలోనూ ఈ ప్రొటీన్ పెరుగుతుంది కాబట్టి మలం ఒక్కటే చూసి తేల్చేయకూడదు, అదే రోజు రక్తం కూడా తీయాలి.

చెప్పడం సులువే, ఆ 24 గంటల మలం పట్టడమే కష్టం. పేషెంట్లు సిగ్గుపడతారు. డబ్బాకి నాలుగు కవర్లు చుట్టి, కౌంటర్ మీద పెట్టకుండా కింద నేల మీద పెట్టి, పేరు కూడా మెల్లగా చెబుతారు. పెద్దాస్పత్రి వార్డులో ముప్పై మందికి ఒకటో రెండో లెట్రిన్లున్న చోట, మూత్రం కలవకుండా ఒక రోజు మలమంతా పట్టమంటే ఎవరివల్ల అవుతుంది? చంటిపిల్లలకు డైపర్ వేస్తే పల్చటి మలాన్ని అదే పీల్చేసుకుంటుంది. అందుకే పిల్లల్లో చాలాచోట్ల ఒక్కసారి తీసిన శాంపిల్‌తోనే మొదటి అంచనాకొస్తారు. మనకూ అలా మొదలుపెడితే చాలు.

పిల్లల మాట ఇంకొంచెం చెప్పనివ్వండి. పాదాల మీద వేలితో నొక్కితే గుంట పడే పిల్లని అంగన్‌వాడీ టీచర్ చూస్తుంది, పోషకాహార పునరావాస కేంద్రానికి పంపుతుంది. మంచి పద్ధతే. చాలామంది పిల్లలు అక్కడ కోలుకుంటారు కూడా. కోలుకోని పిల్ల సంగతే నా బాధ. బాలామృతం పెట్టారు, గుడ్డు పెట్టారు, వాపు మళ్లీ వచ్చింది. అప్పుడు అందరి చూపూ తల్లి మీదికే పోతుంది. “సరిగ్గా పెట్టట్లేదమ్మా నువ్వు” అని మా ల్యాబ్ బెంచీ మీద కూర్చున్న తల్లితో అత్త అనడం నా చెవులారా విన్నాను. ఆ పిల్లకి సీలియాక్ జబ్బు ఉండొచ్చు, గ్లూటెన్ ఉండే గోధుమ, బార్లీ లాంటివి మానేస్తే తగ్గుతుంది. పేగుల్లోని లింఫ్ నాళాలు ఉబ్బి ఉండొచ్చు, మామూలు కొవ్వు తగ్గించి ఎంసీటీ నూనె (లింఫ్ నాళాల్లోకి పోకుండా నేరుగా రక్తంలోకి చేరే కొవ్వు) ఇస్తే చాలామందికి మేలు చేస్తుంది. పెద్దవాళ్లలోనైతే పేగు టీబీ, క్రాన్స్ (పేగుల్లో పుండ్లు పడే దీర్ఘకాలిక జబ్బు), లూపస్ (ఒంటి రోగనిరోధక శక్తి ఒంటి మీదే దాడి చేసే జబ్బు), నులిపురుగుల్లో ఒక మొండి రకం, గుండె చుట్టూ పొర బిగుసుకుపోవడం, ఇలా ఎన్నో. వీటిలో చాలావాటికి మందుంది. టీబీ మందులైతే ప్రభుత్వమే ఉచితంగా ఇస్తోంది.

ఏ జబ్బో ఈ పరీక్ష చెప్పదు. లీకు పేగులో ఉందని మాత్రమే చెబుతుంది. ఆ తర్వాత ఎండోస్కోపీ, బయాప్సీ ఎలాగూ కావాలి. కానీ ఆ మొదటి మాట తెలియకపోతే జరిగేది ఏమిటి? ఆల్బుమిన్ బాటిల్ ఎక్కిస్తారు. బాటిల్ వేలల్లో ఉంటుంది. వాపు తగ్గుతుంది, ఇంటికి పంపుతారు, ఎక్కించింది కూడా అదే దారిన పోతుంది, మళ్లీ వస్తారు. చిల్లికుండలో నీళ్లు పోసినట్టు. ఆ బిల్లు కొంత ఆరోగ్యశ్రీ కడుతుంది, కొంత ఇంట్లో పుస్తెలు కడతాయి.

ఇంకో గుంపు ఉంది. గుండెలో రక్తాన్ని పంపు చేసే కింది గది (జఠరిక) ఒక్కటే పనిచేసే స్థితిలో పుట్టి, ఫాంటాన్ ఆపరేషన్ (ఒంటి నుంచి వచ్చే చెడు రక్తాన్ని నేరుగా ఊపిరితిత్తులకు మళ్లించేది) అయిన పిల్లలు. వీళ్లలో కొందరికి ఏళ్ల తర్వాత ఈ ప్రొటీన్ లీకు మొదలవుతుంది, అది ప్రాణాంతకం కూడా కావచ్చు. పిల్లల గుండె ఆపరేషన్లకు డబ్బు పెట్టిన ప్రభుత్వం, తర్వాత వాళ్లను కనిపెట్టుకుని ఉండటానికీ ఏర్పాటు చేయాలి కదా.

మా దగ్గర ఎవరైనా ఈ పరీక్ష రాస్తే శాంపిల్‌ని ఐస్‌ప్యాక్‌లో పెట్టి బయటికి పంపుతాం. రిపోర్టు ఎప్పుడొస్తుందో మేమే చెప్పలేం. ఇందులో ఎవరినీ తప్పు పట్టను. ఈ పరీక్ష చేసే ఎలైసా కిట్ ప్లేటులో 96 గుంటలుంటాయి, కొలత సరిచూసుకునే స్టాండర్డులకు, కంట్రోళ్లకు కొన్ని పోతాయి. ఇద్దరి కోసం కిట్ విప్పితే మిగతాది ఎక్స్‌పైరీ అయిపోతుంది. ఏ చిన్న ల్యాబూ ఆ నష్టం భరించదు. రాష్ట్రమంతటి శాంపిళ్లూ ఒకచోటికి చేరితే ఈ సమస్యే ఉండదు. శాంపిళ్లను ఫ్రీజ్ చేసి, వారానికోసారి ప్లేటు నడపొచ్చు.

ఆ ఒకచోటు వెతకనక్కర్లేదు. 2018లో హైదరాబాద్ నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో మొదలై తర్వాత జిల్లాలకు విస్తరించిన, ప్రభుత్వం ఉచితంగా పరీక్షలు చేసే టి-డయాగ్నోస్టిక్స్ ఉంది. శాంపిళ్లు తెచ్చే బండ్లున్నాయి, రిపోర్టును ఫోన్‌కి పంపే పద్ధతి ఉంది. కావాల్సింది టీజీఎంఎస్ఐడీసీ (ప్రభుత్వాస్పత్రులకు మందులు, పరికరాలు కొనే రాష్ట్ర సంస్థ) ద్వారా కిట్లకు ఏడాది రేటు కాంట్రాక్టు, మల శాంపిళ్లకు మూత గట్టిగా ఉన్న డబ్బాలు, శిక్షణ పొందిన ఇద్దరు మనుషులు.

పైసా ఖర్చు లేనిది ఇంకొకటి అడుగుతాను. ఎల్ఎఫ్‌టీ రిపోర్టులోనే సగం కథ ఉంటుంది. సిరోసిస్‌లో (లివర్ గట్టిపడే జబ్బు) ఆల్బుమిన్ తగ్గినా గ్లోబ్యులిన్ అనే రక్తంలోని ఇంకో రకం ప్రొటీన్లు తరచుగా పెరుగుతాయి. పేగు లీకులో సాధారణంగా రెండూ తగ్గుతాయి. కిడ్నీ లీకులో కొలెస్ట్రాల్ పెరుగుతుంది, మూత్రం స్ట్రిప్ రంగు మారి చెప్పేస్తుంది. మీ సాఫ్ట్‌వేర్‌లో ఒక్క లైను రాయించండి: ఆల్బుమిన్ 2.5 కంటే తక్కువొస్తే “మూత్రంలో ప్రొటీన్ చూడండి, అందులో లేకపోతే మల పరీక్షకు పంపండి” అని రిపోర్టు కిందే ప్రింట్ అయ్యేట్టు. పల్లెలో పీహెచ్‌సీ డాక్టరుకి అదే పెద్ద సాయం.

ఇలాంటి కేసులు ఎన్నుంటాయిలే అని మీ అధికారులు అనొచ్చు. పరీక్షే లేని జబ్బుకి లెక్క ఎక్కడి నుంచి వస్తుంది? ఒక్క ఏడాది నడిపి చూడమనండి. నీలోఫర్, గాంధీ, ఉస్మానియా, నిమ్స్ నుంచి వచ్చే శాంపిళ్లతోనే మొదలుపెట్టి, ఎన్నిట్లో లీకు తేలిందో ఆ అంకె బయటపెట్టండి. జిల్లాలకు విస్తరించాలా వద్దా అన్నది దాన్ని చూసే తేల్చుకోవచ్చు.

ఇట్లు,
ఒక ల్యాబ్ టెక్నీషియన్