మా అభ్యాస పత్రాలు దిద్దిపెట్టిన వారికి కృతజ్ఞతలు

ప్రవర్తనా చికిత్సల (చేసే పనులను మార్చుకుంటూ భయం, దిగులు వంటివి తగ్గించుకునే పద్ధతుల) మీద మేం రాసిన అభ్యాస పత్రాలను మొహమాటం లేకుండా దిద్దిన సైకాలజిస్టులకూ, కౌన్సెలర్లకూ, చికిత్సలో ఉంటూనే ఓపిగ్గా చదివి తప్పులు చూపినవారికీ పేరుపేరునా కృతజ్ఞతలు. పేర్లు బయటపెట్టొద్దన్నారు కాబట్టి, మీరు దిద్దినవేమిటో రాస్తున్నాం.

ఎర్రసిరా ఎక్కువ పడింది భయాల పత్రం మీదే. భయపెట్టేవాటికి 0 నుంచి 100 దాకా మార్కులేసి నిచ్చెనలా పేర్చుకోవాలి, 30, 40 మార్కుల మెట్టు దగ్గర మొదలుపెట్టాలి అన్నంతవరకూ సరిగానే రాశాం. ‘భయం తగ్గేదాకా కదలొద్దు’ అని ఊరుకోవడమే లోపం. మెట్టెక్కే ముందు ‘ఏం జరుగుతుందని నా భయం?’ అన్నది ఒక్క వాక్యంలో రాసుకోవాలనీ, అయ్యాక ‘నిజంగా ఏం జరిగింది?’ అన్నది దాని పక్కనే రాయాలనీ మీరు చేర్చారు. కొత్త పాఠం దొరికేది ఆ రెంటికీ ఉన్న తేడాలోనే. కుక్క దగ్గరికి వెళ్లినా చేయి ఇంకొకరి చేతిలోనే ఉంటే, ‘వాళ్లుండబట్టి బతికిపోయాను’ అనే మనసు నేర్చుకుంటుంది. ఇలాంటి ఊతకర్రల జాబితా మొత్తం మీదే.

రక్తం, సూది అంటే భయపడేవాళ్లకు కూడా ‘ఒళ్లు వదులు చేయండి’ అనే రాశాం. ఇది చిన్న పొరపాటు కాదు. ఈ భయంలో రక్తపోటు కాస్త పెరిగి, ఒక్కసారిగా పడిపోతుంది. కళ్లు తిరిగేది అందుకే. అప్పుడు ఒళ్లు వదిలేస్తే స్పృహే తప్పొచ్చు. చేతులు, కాళ్లు, పొట్ట కండరాలను ముఖం వెచ్చబడేదాకా 10–15 సెకన్లు బిగించి, 20–30 సెకన్లు మామూలుగా ఉండాలి. ఇలా 5 సార్లు. సూది వేయించుకునే చేతిని మాత్రం వదులుగానే ఉంచాలన్న సవరణ ఎవరిదోగానీ, ఆ చేతికి దండం.

డిప్రెషన్ పత్రంలో ‘నచ్చిన పనులు చేయండి’ అన్న వాక్యం కొట్టేశారు. నిజమే, ఏదీ నచ్చకపోవడమే కదా ఆ జబ్బు! ముందు ఒక వారం గంటగంటకీ ఏం చేశారో రాసి, ఆనందానికీ, ‘చేయగలిగాను’ అన్న తృప్తికీ విడివిడిగా 0 నుంచి 10 మార్కులు వేసుకోవాలి. ఆ తర్వాతే ప్రణాళిక. అదీ ‘వ్యాయామం’ అని కాదు, ‘సాయంత్రం 6కి చెప్పులేసుకుని 10 నిమిషాల నడక’ అని. ఉత్సాహం కోసం ఎదురుచూస్తే అడుగు పడదు.

ఓసీడీ (వద్దన్నా వచ్చే ఆలోచనలు, వాటిని అణచడానికి చేసిందే చేసే తంతు) విషయంలో, చేతులు కడగడం ఆపి మనసులో జపంలా లెక్కపెట్టుకోవడం, ‘ఏం కాదు కదా?’ అని ఇంట్లోవాళ్లను పదేపదే అడగడం కూడా ఆ తంతులో భాగమేనని గుర్తుచేశారు. డీబీటీకి (తీవ్రమైన భావోద్వేగాలను సంభాళించడం నేర్పే చికిత్సకు) ఒక పేరా చాలన్నారు, ఒప్పుకున్నాం. అది నేర్పే నాలుగు రకాల నైపుణ్యాలూ కాగితం చూసి పట్టుబడేవి కావు.

నిద్ర పత్రం పైన మీరు పెట్టించిన హెచ్చరికల పెట్టె అన్నిటికన్నా విలువైంది: నిద్ర కుదురుకునేందుకు పక్కమీద ఉండే సమయాన్ని కుదించుకునే ఈ పద్ధతిలో, ఆ సమయాన్ని 5 గంటల కన్నా తగ్గించకూడదు, బైపోలార్ (మితిమీరిన ఉత్సాహం, కుంగుబాటు మారిమారి వచ్చే జబ్బు) లేదా మూర్ఛ ఉన్నవాళ్లు ఈ పద్ధతిని సొంతంగా మొదలుపెట్టకూడదు, నిద్రమత్తుగా ఉన్న రోజుల్లో బండి నడపకూడదు. పక్కమీది సమయంలో 85 శాతం నిద్రపడుతుంటే ఆ సమయాన్ని 15 నిమిషాలు పెంచుకోవచ్చు.

పాత ప్రతులు దగ్గరున్నవాళ్లు దయచేసి సూది భయం పేజీ చింపేయండి.