దుబాయ్ వేసవి ఆటల శిబిరంలో పిల్లల భద్రతా లోపాలు, శిక్షకుల బకాయిలపై ఫిర్యాదు

నెల్లూరు

గౌరవనీయులైన మేనేజింగ్ డైరెక్టర్ గారికి,

నమస్కారం.

వచ్చే జూలైలో దుబాయ్‌లో మళ్లీ పిల్లల ఆటల శిబిరం పెడుతున్నామని, ఖోఖో, కబడ్డీ నేర్పగల శిక్షకులు కావాలని మీ నెల్లూరు కార్యాలయం పంచుతున్న కరపత్రం నా చేతికి వచ్చింది. అందులో నా ఫోటో ఉంది. నా పక్కన పిల్లలు నవ్వుతూ నిలబడి ఉన్నారు. వాళ్లలో ఎడమవైపు చివర ఉన్న అబ్బాయికి ఆ ఫోటో తీసిన మర్నాడే మీ శిబిరంలో కనుబొమ్మ చీలి కుట్లు పడ్డాయి. ఆ సంగతి మీ సిబ్బందికి తెలుసు. తెలిసే ఆ ఫోటో వేశారు. శిబిరం ముగిసినప్పటి నుంచి మీ మేనేజరుతో ఫోనులో అడుగుతూ వచ్చినవన్నీ ఇప్పుడు మీకే నేరుగా రాస్తున్నాను.

నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో వ్యాయామ ఉపాధ్యాయినిగా పనిచేసి పదవీ విరమణ చేశాను. గత వేసవి శిబిరానికి నన్ను ప్రధాన శిక్షకురాలిగా తీసుకున్నారు. కావలి, ఒంగోలు, ఆత్మకూరు ప్రాంతాల నుంచి నలుగురు యువ క్రీడాకారులను నేనే పిలిచి వెంట తీసుకువెళ్లాను. మొదట మమ్మల్ని సందర్శక వీసా మీద వెళ్లి పని చేసి రమ్మన్నారు. అది అక్కడి చట్టానికి విరుద్ధమని నేను పట్టుబట్టిన తరువాతే పని అనుమతులు తెప్పించారు. ఆ ఒక్క విషయంలో మాట విన్నందుకు సంతోషం. మిగతా వాటిలో వినలేదు.

ఖోఖోకు స్తంభమే ప్రాణం. తరిమే పిల్లవాడు ఒక చేత్తో స్తంభాన్ని పట్టుకుని, ఒళ్లంతా వాల్చి మలుపు తిరుగుతాడు. ఆ బరువంతా స్తంభం మీదే పడుతుంది. అందుకే దాన్ని నేలలో గట్టిగా పాతుతారు. నేల మీద 120 నుంచి 125 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి, ఎక్కడా పదును తగలకూడదు. అద్దెకు తీసుకున్న హాలులో నేల తవ్వనివ్వరు కదా, స్తంభాలు ఎలా నిలబెడతారని బయలుదేరకముందే అడిగాను. అన్నీ సిద్ధంగా ఉన్నాయన్నారు. వెళ్లి చూస్తే, రంగు డబ్బాల్లో సిమెంటు పోసి నిలబెట్టిన ఇనుప పైపులు! పైఅంచులు కోసినవి కోసినట్టే ఉన్నాయి. తడిమి చూస్తే నా వేలు గీసుకుంది. వాటిని వాడేది లేదని చెప్పి గోడవారకు పెట్టించాను. స్తంభం మలుపు మానేసి, పిల్లలకు కూర్చోవడం, లేవడం, ‘ఖో’ ఇవ్వడం మాత్రమే నేర్పించాను.

రెండో విడతలో మీ ప్రచార వీడియో తీసేవాళ్లు వచ్చారు. స్తంభాలు లేకపోతే చూసేవాళ్లకు ఖోఖోలా అనిపించదని మీ మేనేజరు ఆ పైపులను మళ్లీ తెచ్చి నిలబెట్టించారు. అప్పుడు నేను హాలు అవతలి వైపు చిన్నపిల్లల దగ్గర ఉన్నాను. పదేళ్ల అబ్బాయి పరిగెత్తుకుంటూ వచ్చి పైపు పట్టుకుని తిరిగాడు. డబ్బా ఒరిగింది, పైపు అతని ముఖం మీద పడింది. అంగుళం కిందికి తగిలి ఉంటే కన్ను పోయేది. ప్రథమ చికిత్స పెట్టె తెరిస్తే, చిన్న గాయాలకు అంటించే పట్టీలు, ఎండిపోయిన ఆయింట్‌మెంటు గొట్టం తప్ప ఏమీ లేవు. కావలి నుంచి వచ్చిన మా కుర్రవాడు తన బనియను చింపి గాయానికి అదిమిపెట్టి, బిడ్డను ఎత్తుకుని కారు దాకా పరుగెత్తాడు. ఆసుపత్రి ఖర్చు ఆ తల్లే కట్టుకుంది. ప్రతి పిల్లవాడికీ బీమా ఉందని మీరు ప్రకటనలో రాశారు. ఆ పాలసీ నంబరు కోసం ఆమె ఎన్నిసార్లు అడిగినా ఇవ్వలేదు. నాకూ ఇవ్వలేదు.

2025 జనవరిలో ఢిల్లీలో జరిగిన మొదటి ఖోఖో ప్రపంచ కప్పులో మన పురుషుల జట్టు, మహిళల జట్టు రెండూ గెలిచాయని మీ కరపత్రంలో పెద్ద అక్షరాలతో వేసుకున్నారు. ఆ గెలుపు పేరు చెప్పి పిల్లలను పిలిచేవాళ్లు ముందు సరైన స్తంభాలు, కింద పరచడానికి చాపలు కొనాలి.

మీ రెండో తప్పు, ఆరేళ్ల పిల్లలను, పదిహేనేళ్ల పిల్లలను ఒకే జట్టులో వేయడం. మన దగ్గర పాఠశాల క్రీడల్లో 14 ఏళ్ల లోపు, 17 ఏళ్ల లోపు, 19 ఏళ్ల లోపు అని విడదీసి ఆడిస్తారు. కబడ్డీలో వయసుతో పాటు బరువు కూడా చూస్తారు. వయసులవారీగా పిల్లలను విడదీయడానికి ఇంకో ఇద్దరు శిక్షకులు కావాలని అడిగితే బడ్జెట్ లేదన్నారు. సామగ్రి కూడా అలాగే ఉంది. బాస్కెట్‌బాల్ బంతులన్నీ పెద్ద మగవాళ్లు ఆడే ఏడో నంబరువి. చిన్నపిల్లలకు అయిదో నంబరు బంతి ఉంటుంది, రింగు కూడా 3.05 మీటర్ల నుంచి 2.60 మీటర్లకు దించుతారు. ఏడేళ్ల పాప ఆ బరువైన బంతిని రెండు చేతులా ఎత్తి విసరలేక, తనకు ఆట రాదేమోనని ఏడ్చింది. ఆ పాపకు ఆట రాకపోవడం కాదు, మీరిచ్చిన బంతే ఆమెది కాదు.

ఇక ఎండ. హాలును వేరేవాళ్లకు కూడా అద్దెకు ఇచ్చారని కొన్ని సాయంత్రాలు మమ్మల్ని ఆరుబయట కృత్రిమ గడ్డి మైదానానికి పంపారు. రోహిణి కార్తెలో నెల్లూరు ఎండలు చూసినవాళ్లం మేము. అందుకే ఇక్కడ వేసవి శిబిరాలను తెల్లవారగానే మొదలుపెట్టి, ఎండ ముదరకముందే పిల్లలను ఇళ్లకు పంపిస్తాం. దుబాయ్ జూలైలో ఎండకు తోడు సముద్రపు ఉక్క. చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. కృత్రిమ గడ్డి మామూలు గడ్డి కంటే ఎంతో ఎక్కువగా కాలుతుంది. బూట్ల అడుగు నుంచి సెగ తెలుస్తూనే ఉంది. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల దాకా ఆరుబయట కార్మికులతో పని చేయించకూడదని అక్కడి ప్రభుత్వ నియమం. మూడు దాటింది కాబట్టి మనకు ఇబ్బంది లేదని మీ మేనేజరు వాదించారు. ఆ నియమం పెట్టింది పెద్దవాళ్ల కోసం. ఆటలో పడిన పిల్లలకు దాహం వేస్తున్నట్టు కూడా తెలియదు, మనమే ఆపి నీళ్లు తాగించాలి.

పిల్లలను పరిగెత్తించడానికి నాకు మనసొప్పలేదు. నీడలో కూర్చోబెట్టి, పూలకుండీల్లోని గులకరాళ్లు ఏరి అచ్చనగాయలు ఆడించాం. అక్కడ పుట్టి పెరిగిన పిల్లలు ఒక రాయి పైకి ఎగరేసి, కింది రాళ్లు ఊడ్చి పట్టుకోవడం ఎంత త్వరగా నేర్చుకున్నారో! తీసుకువెళ్లడానికి వచ్చిన అమ్మమ్మలు కూడా పక్కన చతికిలబడి ఆడారు. శిబిరం మొత్తంలో నాకు తృప్తినిచ్చింది ఆ సాయంత్రాలే. ఫుట్‌బాల్‌కని డబ్బు కట్టించుకుని రాళ్లాట ఆడిస్తారా అని మీ మేనేజరు తల్లిదండ్రుల ఎదుటే నన్ను నిలదీశారు. ఆ మాటకు ఆయన నాకు క్షమాపణ చెప్పాలి.

నా వెంట వచ్చిన నలుగురు యువ క్రీడాకారులకు ఒప్పందంలో సగం డబ్బే ముట్టింది. మిగతాది నెలలో ఇస్తామన్నారు, ఇవ్వలేదు. పైగా మీ పేరు అచ్చువేసిన చొక్కాల ఖరీదు వాళ్ల జీతంలో కోసుకున్నారు. ఒకరి తండ్రి ఆటో నడుపుతారు, ఇంకొకరి ఇంట్లో అక్క పెళ్లి ఆ డబ్బు కోసమే ఆగింది. వాళ్లు వచ్చి నన్ను అడుగుతున్నారు, మీ కార్యాలయాన్ని కాదు.

కోసుకున్నదానితో సహా బకాయి మొత్తం వాళ్లకు చెల్లించండి. ఆ తల్లికి ఆసుపత్రి ఖర్చు తిరిగి ఇచ్చి, బీమా పాలసీ పత్రం చూపండి. తల్లిదండ్రుల అనుమతి లేని పిల్లల ఫోటోలను, నా ఫోటోను కరపత్రాల నుంచి తొలగించండి. వచ్చే శిబిరానికి వయసులవారీగా జట్లు, తగిన సామగ్రి, శిక్షణ ఉన్న ప్రథమ చికిత్సకుడు, ఆరుబయట ఆటలు ఉండవన్న హామీ, ఇవన్నీ రాతపూర్వకంగా ఇచ్చేవరకు నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో నాకు తెలిసిన ఏ శిక్షకుడినీ మీ దగ్గరకు పంపను. ఎందుకు పంపనో కూడా అడిగినవాళ్లకు చెబుతాను.

ఈ లేఖ అందిన పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే, ఒప్పంద పత్రాలు, హాలులో తీసిన ఫోటోలు, ఆసుపత్రి రశీదు నకలుతో నెల్లూరులోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు చేస్తాం. నలుగురూ సంతకాలు చేసి సిద్ధంగా ఉన్నారు. జవాబు ఫోనులో వద్దు, రిజిస్టర్డ్ పోస్టులో పంపండి.

ఇట్లు,
గత వేసవి శిబిరం ప్రధాన శిక్షకురాలు,
విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయిని, నెల్లూరు