ప్రసన్నకు నాన్న రాయునది

చి. ప్రసన్నకు ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. ఎండలు అప్పుడే మండిపోతున్నాయి, బ్రాడీపేటలో మధ్యాహ్నం కుక్క కూడా బయట తిరగడం లేదు. మీ అమ్మ మోకాలు మామూలే. కొత్త కారం పట్టించింది, నీకో డబ్బా తీసిపెట్టింది. కోటప్పకొండ తిరునాళ్ళకి వస్తానన్నావు, రాలేదు, ఫోనూ లేదు. అన్నట్టు శేషు బాబాయి కొడుకు, నువ్వు నీ మీదే తీసుకున్న సినిమా చూశాట్ట, వాళ్ళమ్మకి చూపించాట్ట. పిన్ని మీ అమ్మకి ఫోన్ చేసి, "అక్కా, వీపంతా కనపడుతోంది" అంది. సరే, అదలా ఉంచు.

నేనూ చూశాను. వీపు చూసి కంగారుపడే ఉద్యోగమా నాది? కొత్తపేట ఎక్స్‌రే గదిలో సగం జిల్లా ఊపిరితిత్తులు చూసినవాణ్ణి. మీ తాతయ్య స్థానం నరసింహారావు గారి సత్యభామని చూడ్డానికి బండి కట్టించుకుని తెనాలి పోయేవాడు. మగాయన చీర కట్టి జడ వేసుకుని వయ్యారాలు పోతే ఊరూరా టిక్కెట్టు కొని చూశారు, 1956లో పద్మశ్రీ కూడా ఇచ్చారు. ఆడపిల్ల తన వీపు తను తీసుకుంటే వీళ్ళకేమిటి నొప్పి? పిన్నితో అనలేదులే.

నాకు పట్టుకుంది ఆ మేడ మీంచి తీసిన ముక్క. పాల పాకెట్టుతో సందులోంచి వస్తుంటావు, పైనుంచి ఎవరో చూస్తుంటారు, నువ్వు తలెత్తవు. ఆ కెమెరా ఎవరు పట్టుకున్నారు?

శామ్యూల్ బెకెట్ రాస్తే 1964లో బస్టర్ కీటన్ చేసిన ఆ మాటల్లేని సినిమా నువ్వే చూపించావు. చూపు పడకుండా అద్దానికి గుడ్డ కప్పుతాడు, చిలక పంజరానికి కప్పుతాడు, కుక్కని గెంటితే పిల్లి లోపలికొస్తుంది. మీ అమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. ఇన్నాళ్ళూ చూస్తున్నది చివరికి తనే అని నువ్వు చెప్పావు. నీ సినిమాలో చివరికి ఎవరో తెలీలేదు.

ఒకసారి నరసరావుపేట వైపు అమ్మాయి ఒకతె ఛాతీ ఎక్స్‌రేకి వచ్చింది, వెంట అత్తగారు. మెళ్ళో గొలుసు తియ్యాలంటే ఆవిడ ససేమిరా అంది. చివరికి పసుపుకొమ్ము దారానికి కట్టి ఆ పిల్ల మెళ్ళో వేశాకే గొలుసు తియ్యనిచ్చింది. ఆ పసుపుకొమ్ము కోసం ఆయా బజారుకి పరిగెత్తింది, బయట లైను పెరిగింది, డాక్టరు గారు కేకలు. ప్లేటుకి ఆనించి నిలబెట్టి, "ఊపిరి పీల్చి బిగబట్టమ్మా" అన్నాను. నేను అద్దం వెనక్కి వెళ్ళేలోపు వదిలేసింది. మళ్ళీ చెప్పాను, మళ్ళీ వదిలేసింది. ఏమిటంటే, "ఇందులో నా మొహం పడుద్దా?" అంది. పడదమ్మా, ఎముకలే అన్నాను. అప్పుడు నిలబడింది చక్కగా. ఫిల్ము ఆరాక అత్తగారు వరండాలో వెలుగుకి పట్టి అందరికీ చూపిస్తుంటే, ఆ నోరులేని పిల్ల లాక్కుని కవర్లో పెట్టేసుకుంది! ఎక్స్‌రే కనిపెట్టిన రాంట్‌జన్ 1895లో భార్య చెయ్యి ఉంగరంతో సహా తీశాడు. ఆవిణ్ణి అడిగే తీశాడో ఏమో.

అందుకని, తీసేవాళ్ళెవరో, తీసినదంతా ఎవరి దగ్గరుందో కాగితం మీద పెట్టించుకో. వాడనిది చెరిపించు. గది కిటికీకి పరదా ఉందా? పాలకి చీకటితో పోకు, కాస్త తెల్లారనీ. పొద్దున్నే ఖాళీ కడుపుతో టీ తాగకు. సినిమాలో మెడ ఎముకలు లెక్కపెట్టేలా ఉన్నాయి, నాకు ఆ లెక్క బాగా వచ్చు.

సందులో నిజంగానే ఎవడైనా వెంటపడుతుంటే సినిమా తీసి చెప్పక్కర్లేదమ్మా, నాకు చెప్పు. షీ టీమ్స్ వాళ్ళకి చెప్పు. అలాంటిదేం లేదు, స్నేహితురాలే తీసింది అంటే, ఆ ముక్క చాలా బాగుంది.

శనివారం రాత్రి ఫోన్ చేస్తాను. ఎత్తకపోతే ఆదివారం పొద్దున్న పల్నాడు ఎక్స్‌ప్రెస్ ఎక్కేస్తాం. మీ అమ్మ సంచి సర్దేసింది, కారం డబ్బా అందులోనే ఉంది.

నాన్న