అమ్మడుకి, పెరంబూరు నుంచి

అమ్మడూ,

నువ్వు బాగున్నావని తలుస్తాను. వాట్సాప్‌లో రోజూ "బాగున్నా అమ్మా" అని పెడుతున్నావు కాబట్టి తలవడమే. ఫోన్ చేస్తే మీటింగ్ అంటావు. అందుకే పెన్ను పట్టుకున్నా, ఉత్తరానికి మీటింగులు అడ్డురావు.

ఇక్కడంతా మామూలే. నాన్నకి షుగర్ తగ్గింది, కోపం తగ్గలేదు. కింది వాటావాళ్లు బోరు వేయిస్తున్నారు, పొద్దస్తమానం ఒకటే మోత. సులోచనకి మనవడు పుట్టాడు. శారద పిన్ని వచ్చి చాలాసేపు కూర్చుంది. మన పెద్దోణ్ని పొట్టన పెట్టుకున్న 2013 దిల్‌సుఖ్‌నగర్ బాంబు పేలుళ్ల కేసు గురించి నువ్వెవరో విలేకరమ్మాయితో మాట్లాడావట, "ఉరి వేస్తే మాకు ఒరిగేదేంటి" అన్నావట. నేనేం పట్టించుకోలేదు. గోరంత దొరికితే కొండంత చేస్తుంది పిన్ని, నీకు తెలిసిందేగా.

మీ పీజీలో ఇంకా ఆ నీళ్ల సాంబారేనా? జుట్టు ఊడుతోందన్నావు, మారతహళ్లి బోరు నీళ్లతో తలంటుకుంటే ఊడక ఏమవుతుంది? కొబ్బరినూనె పంపిస్తున్నా. చెన్నై వచ్చేటప్పుడు సీటు కింద ఎవరిదో తెలియని బ్యాగు కనిపిస్తే మొహమాటపడకుండా గార్డుకి చెప్పు. నవ్వకు. నాన్న ఇప్పటికీ సెంట్రల్లో తొమ్మిదో ప్లాట్‌ఫాం వైపు చూడరు. 2014 మే 1న గువాహటి బండిలో బాంబు పేలి పోయింది కూడా మన తెలుగు పిల్లే, బెంగళూరు నుంచి ఇంటికి బయల్దేరింది. ఇప్పుడు ఆ కేసు ఊసు ఎవరైనా ఎత్తగా నేను వినలేదు.

పట్టించుకోలేదన్నానా, రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు. 2025 ఏప్రిల్ 8న మన కేసులో తెలంగాణ హైకోర్టు ఐదుగురికీ ఉరి ఖాయం చేసిన రోజు నువ్వు "సరే అమ్మా" అని పెట్టేశావు. 2016 డిసెంబరులో చర్లపల్లి జైల్లో పెట్టిన కోర్టు శిక్ష వేసినప్పుడు ఇలా లేవు. 157 మంది సాక్షులని టీవీలో వస్తుంటే నోట్‌బుక్కులో ఎక్కించుకున్నావు. అక్కణ్నుంచి హైకోర్టు తీర్పుకే ఎనిమిదేళ్లు దాటింది. ఇంకా సుప్రీంకోర్టు, ఆ తర్వాత రాష్ట్రపతికి క్షమాభిక్ష అర్జీ. ప్రధాన నిందితుడు ఆ రియాజ్ భత్కల్ అసలు దొరకనే లేదు.

నా భయం వేరే. ముంబయి రైళ్ల పేలుళ్ల కేసు చూశావుగా. 2006 జులై 11న 180 మందికి పైగా పోయారు. 2015లో కింది కోర్టు ఐదుగురికి ఉరి, ఏడుగురికి యావజ్జీవం వేసింది. 2025 జులైలో బొంబాయి హైకోర్టు అందరినీ నిర్దోషులంది. ఆ తీర్పును మిగతా కేసుల్లో చూపించకూడదని సుప్రీంకోర్టు అంది గానీ, వదిలినవాళ్లను మళ్లీ లోపలికి పంపలేదు. చేయనివాణ్ని వేలాడదీయమని నేనూ అనను. కానీ ఆ తల్లులు ఇప్పుడు ఎవర్ని పట్టుకుని అడగాలి? అందుకే కేసు నడుస్తుండగా మనం ఆచితూచి మాట్లాడాలి. బాధితుల మాట ప్రతి దశలోనూ వినాలని 2022లో లఖీంపూర్ ఖేరీ కేసులో సుప్రీంకోర్టే చెప్పింది. చెప్పేదేదో లాయరు చేత అక్కడ చెప్పించాలి. పేపర్లో పడితే ఎవరికి కావలసినట్టు వాళ్లు తిప్పుకుంటారు. సరే, క్లాసు పీకుతున్నాను. జీవితమంతా చేసిన పని అదే కదా.

నువ్వు భయపడే రకం కాదు, అదీ నాకు తెలుసు. ఆ ఏడాది ఎండల్లో సాయం డబ్బు కాగితాలకని హైదరాబాదు వెళ్లామా, ఏ ఆఫీసో ఇప్పుడెందుకులే. నీ టెన్త్ పరీక్షలు అప్పుడే అయ్యాయి, ఒక్కదాన్నీ ఇంట్లో వదల్లేక వెంటబెట్టుకెళ్లాం. ఆస్పత్రి జాబితాలో పెద్దోడి వయసు 21కి బదులు 27 అని పడింది, ఇంటిపేరు లేనే లేదు. గుమస్తా రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, "ఇద్దరూ ఒకరేనని గ్యారంటీ ఏంటమ్మా?" అన్నాడు. చెడ్డవాడేం కాదు, మంచినీళ్లిచ్చాకే అన్నాడు. నాన్న సంచిలోంచి ఒక్కోటీ తీశారు. టెన్త్ మెమో, రేషన్ కార్డు జిరాక్సు, కోచింగ్ సెంటరు ఐడీ కార్డు. ఆ కార్డు మూల లేచిపోతే వాడు సెల్లోటేపు అంటించుకున్నాడు, టేపు కింద ఒక వెంట్రుక ఇరుక్కుని ఉంది. గుమస్తా దాన్ని తిప్పి చూసి, అఫిడవిట్ తెచ్చి సోమవారం రమ్మన్నాడు. నాన్న లేచేశారు. నువ్వు కుర్చీ వదల్లేదు. "అంకుల్, ఏం రాయాలో చెప్పండి, ఇప్పుడే రాయించుకొస్తాం" అన్నావు. బయట చెట్టుకింద నోటరీ దగ్గర ఇంటిపేరు ఒక్కో అక్షరం పలికి రాయించావు. తలుపు వేసే వేళకి తిరిగొచ్చాం. ఆయన మారుమాట్లాడకుండా ముద్ర కొట్టాడు. కేంద్రం పథకంలో అప్పట్లో 3 లక్షలు, 2016లో 5 లక్షలు చేశారట. ఆ లెక్కలు మనకెందుకులే. తిరిగొచ్చేటప్పుడు బాంబు పేలిన 107 బస్టాపు దగ్గర దిగుదామని కూడా నువ్వే అన్నావు, దిగాం.

అలాంటిదానివి ఇప్పుడు నాతో ఎందుకు మాట్లాడవు?

వాడు పోయిన ఫిబ్రవరి 21 మాతృభాషా దినోత్సవం కూడా కదా. తెలుగు టీచర్నని సంఘం వాళ్లు ఏటా ప్రసంగానికి పిలుస్తారు, ఏటా నాకు జ్వరం వస్తుంది. ఈసారి ఇప్పటినుంచే అడుగుతున్నారు. వస్తానన్నాను. వాడు దిల్‌సుఖ్‌నగర్ రూము నుంచి రాసిన ఉత్తరాల్లో ఒకటి చదువుతాను. టీచరు కొడుకై ఉండి చివరిదాకా "పెళ్లి"ని "పెల్లి" అనే రాశాడు వెధవ. నాన్న వద్దంటున్నారు. నువ్వు వస్తే ముందు వరసలో కూర్చో, లేకపోతే నేను మధ్యలో ఆగిపోతాను. సెలవు ఇప్పుడే పెట్టుకో.

పిన్ని చెప్పింది నిజమైతే నాతో ఓ మాట అను. ఉరి వద్దనుకుంటే వద్దనే చెప్పు, నాన్నకి నేను సర్దిచెప్పుకుంటాను. ఆ విలేకరమ్మాయి నంబరు మాత్రం పంపు. ఎవరు ఏ బాంబు సైకిల్ ఎక్కడ పెట్టారో వాళ్ల దగ్గర అంతా ఉంటుంది. వాడెలా ఉండేవాడో నిన్ను అడిగిందా? అడక్కపోయినా నేను చెబుతాను.

ఆశీస్సులతో,
అమ్మ